మోకాలి కింద, మడమ పైన

పాదానికి పారాణి ఉంది, చీలమండకు అందె ఉంది, నడుముకు వడ్డాణం ఉంది. మోకాలికీ మడమకీ నడుమ ఉన్న జానెడున్నర మేరకు మాత్రం మన అలంకారాల్లో చోటు దక్కలేదు. చీర కుచ్చిళ్లో, పంచె అంచో దాన్ని కప్పేస్తాయి. పనిలోకి దిగుతూ కుచ్చిళ్లు పైకి దోపుకోగానే ముందుగా బయటపడేదీ అదే. నడిచే మనిషికి నేల ఎదురు తిరిగేది అక్కడే. తుమ్మకంప గీరేది, జలగ పట్టేది, బురద చిమ్మేది, తొక్కబోయిన పాము తిరగబడి కరిచేది ఆ కాస్త మేరలోనే.

దాన్ని కాపాడుకోవడానికి మనుషులు ఎన్ని దేశాల్లో ఎన్ని ఉపాయాలు పన్నారో తెలుసుకోవడం నాకు చాలాకాలంగా ఇష్టం. కిరీటాల చరిత్ర కూర్చున్నవాళ్లది. కాలి తొడుగుల చరిత్ర నడిచినవాళ్లది. గొర్రెల కాపరులు, యాత్రికులు, కాల్బలాలు, వేటగాళ్లు, పర్వతారోహకులు, అందరూ అందులో కనిపిస్తారు. ఆ కథను ఓపిగ్గా చదువుకుంటూ వస్తే చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతాం. ఎవరి కాలును కాపాడాలని లోకానికి అనిపించింది? ఎవరి కాలును అలా వదిలేసింది?

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మంచు కరిగి ఒక మనిషి దేహం బయటపడింది. అతను చనిపోయి సుమారు 5,300 ఏళ్లయిందని తేలింది. దొరికిన చోటును బట్టి అతనికి ఓట్జీ అని పేరు పెట్టారు. అతని దగ్గర రాగి గొడ్డలి ఉంది, ఎలుగుబంటి తోలు టోపీ ఉంది. నా మనసు పట్టింది మాత్రం అతని కాళ్లకున్న మేకతోలు తొడుగుల మీద. అవి ప్యాంటు కావు. ఏ కాలికి ఆ కాలికి విడివిడిగా కుట్టినవి. పైన తోలు తాళ్లతో నడుం పట్టీకి కట్టుకుంటే జారవు. కింద జింకతోలు ముక్క ఒకటి బూటుకు బిగుసుకుంటుంది కాబట్టి పైకి లేవవు, లోపలికి మంచు దూరదు. ఈనాడు హిమాలయాలకు వెళ్లే కుర్రాడు గెయిటర్ అనే నైలాన్ కాలి తొడుగు వేసుకుని, అరికాలి కింద పట్టీ బిగించి, ముందున్న కొక్కేన్ని బూటు లేసుకు తగిలిస్తాడు. చేతిలో సరుకు మారింది గానీ ఆలోచన అయిదు వేల ఏళ్లుగా అదే. పైన జారకూడదు, కింద లేవకూడదు, మధ్యలో ఏదీ దూరకూడదు.

జపాన్‌లో ఎడో కాలపు బాటసారులు, రైతులు పిక్కలకు క్యహాన్ అనే గుడ్డ తొడుగు కట్టుకునేవారు. ఉత్తర అమెరికాలోని ఆదివాసులు జింకతోలుతో కాలి తొడుగులు కుట్టుకున్నారు. అడవిలో ముళ్లపొదల నడుమ తిరిగేవాడికి అవెంత అక్కరో అక్కడికి వెళ్లిన యూరప్ సైన్యాలకు త్వరలోనే తెలిసింది. 1758లో లార్డ్ హౌ అనే బ్రిటిష్ అధికారి అమెరికా అడవుల్లో యుద్ధానికి వెళ్తూ సైనికుల కోట్ల అంచులు కత్తిరించి, ఆ ఆదివాసుల పద్ధతిలో కాలి తొడుగులు వేయించాడు. నేలను ఎరిగినవాడి దగ్గర నేర్చుకోవడానికి అతను సిగ్గుపడలేదు.

సిగ్గుపడిన సమాజాలూ ఉన్నాయి. ప్రాచీన రోమ్‌లో మగవాడి పిక్కలు బయటికి కనిపించడమే గౌరవం. మొదటి శతాబ్దంలో వక్తృత్వం బోధించిన క్వింటిలియన్ తన గ్రంథంలో ఈ సంగతి ఎత్తాడు. కాళ్లకు గుడ్డలు చుట్టుకోవడం, మెడకూ చెవులకూ కట్టుకోవడం రోగులకైతేనే చెల్లుతుందన్నాడు. అదే రోమ్‌ను ఏలిన అగస్టస్ చక్రవర్తి మాత్రం చలికాలంలో మందపాటి టోగా కింద నాలుగు లోచొక్కాలు వేసి, తొడలకూ పిక్కలకూ పట్టీలు చుట్టుకునేవాడని స్యూటోనియస్ రాశాడు. చక్రవర్తి కాబట్టి చలివేస్తే కప్పుకున్నాడు. మామూలు మనిషి మర్యాద కోసం వణికాడు. ఒంటి మీద ఏది ఉండాలో ఒంటి అవసరం ఒక్కటే నిర్ణయించదని, అంతస్తు కూడా నిర్ణయిస్తుందని ఆ రెండు ముక్కలు చదివితే అర్థమవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో కాలి తొడుగు సైనికుడి గుర్తు అయింది. అప్పటి సిపాయి మోకాలి దాకా బిగుతు లాగు, మేజోళ్లు, తక్కువ ఎత్తు బూట్లు వేసుకునేవాడు. మట్టిరోడ్ల మీద రోజంతా నడిస్తే కంకరరాళ్లు బూట్లలోకి దూరేవి, బురదలో బూటు ఊడిపోయేది. అందుకని నారబట్టతోనో కాన్వాసుతోనో మోకాలి పైదాకా వచ్చే గెయిటర్లు ఇచ్చారు. పక్కన వరసగా బొత్తాలు, అరికాలి కింద పట్టీ, మోకాలి కింద బిగించే తోలు బద్దీ. పని కోసం పుట్టిన ఈ తొడుగు కవాతు మైదానంలో వేరే బతుకు మొదలుపెట్టింది. ముడత కనిపించకూడదన్నారు, బొత్తాలన్నీ ఒకే గీతలో ఉండాలన్నారు. నెపోలియన్ అంగరక్షక దళం కవాతుకు తెల్లవి, దండయాత్రకు నల్లవి తొడిగేది. బురదకు అడ్డుగా పుట్టిన వస్తువు మీద బురద మచ్చ పడితే శిక్ష పడే రోజులు వచ్చాయి.

హిమాలయ ప్రాంతాల మనుషులు చలికీ, ముళ్లకూ, రాళ్లకూ విరుగుడుగా పిక్కల చుట్టూ ఉన్నిగుడ్డ చుట్టుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో వాయవ్య సరిహద్దులో తిరిగిన బ్రిటిష్ ఇండియా సైన్యం ఆ పద్ధతిని నేర్చుకుంది. అవే పట్టీలు. నాలుగంగుళాల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న గుడ్డ. కాల్బలం చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి చుడితే, గుర్రపు దళం మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి చుట్టేది. 1902లో బ్రిటిష్ సైన్యం తన కొత్త యూనిఫాంలో వాటిని చేర్చింది. ఇంగ్లండులో ఫాక్స్ బ్రదర్స్ మిల్లు కాలి వంపుకు తగ్గట్టు ఒదిగే పట్టీలు నేసి పేరు తెచ్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్, భారత సైనికులతో పాటు ఫ్రెంచి సైనికులు, ఆ తర్వాత అమెరికన్లు కూడా కాళ్లకు పట్టీలు చుట్టుకునే కందకాల్లోకి దిగారు. కొండ మీద గొర్రెలు కాసుకునేవాడి తెలివి కొన్ని దశాబ్దాల్లోనే ప్రపంచ సైన్యాల కాళ్లకు ఎక్కింది.

అయితే కొండ వేరు, కందకం వేరు. కొండ మీద నడిచేవాడి కాలు కదులుతూ ఉంటుంది, ఉన్ని ఆరుతూ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని కందకాల్లో సైనికులు గంటల తరబడి చలినీళ్లలో నిలబడాల్సి వచ్చింది. బిగించి చుట్టిన గుడ్డ తడిస్తే ఇంకా బిగుసుకుని నెత్తురు పారకుండా చేసేది. పాదాలు మొద్దుబారి, ఉబ్బి, కుళ్లేవి. ట్రెంచ్ ఫుట్ అని పిలిచిన ఆ జబ్బుకు అసలు కారణాలు చలీ, తేమా అయినా, బిగుతు పట్టీలు దాన్ని మరింత పెంచాయి. రోజూ పట్టీలు విప్పి, కాళ్లు తుడుచుకుని, నూనె రాసుకోవాలని ఆజ్ఞలు వచ్చాయి. ఒక నేలకు కుదిరిన తొడుగు మరో నేలకు కుదరదనే ఈ పాఠాన్ని నేను ముఖ్యంగా గుర్తుపెట్టుకుంటాను, ఎందుకంటే మన పొలాల సంగతికి వచ్చినప్పుడు ఇదే పనికొస్తుంది.

అవే పట్టీలు మళ్లీ కొండెక్కినప్పుడు ఎలా పనిచేశాయో కూడా చెప్పాలి. 1924 జూన్ 4న ఎడ్వర్డ్ నార్టన్ అనే పర్వతారోహకుడు ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎవరెస్టు మీద దాదాపు 8,570 మీటర్ల ఎత్తు చేరాడు. ఆ రోజు తాను ఏమేం తొడుక్కున్నాడో తర్వాత వివరంగా రాసుకున్నాడు. ఆ జాబితాలో మెత్తగా సాగే కశ్మీరు పట్టీలున్నాయి. కశ్మీరు మగ్గం మీద నేసిన ఉన్ని అంత ఎత్తున ఒక మనిషి పిక్కలకు వెచ్చదనం ఇచ్చిందన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ నేతగాళ్ల మీద గౌరవం పొంగుతుంది.

ఇక నగరాల్లో కాలి తొడుగు పొట్టిదై, సొగసుదై స్పాట్స్‌గా మారింది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్, పారిస్, న్యూయార్క్ పెద్దమనుషులు నిగనిగలాడే నల్లబూటు మీద చీలమండను కప్పే తెల్లటి లేదా బూడిదరంగు గుడ్డ తొడుగు వేసి, పక్కన చిన్న బొత్తాలు పెట్టుకునేవారు. వీధి బురద మేజోళ్లకు అంటకుండా ఉండటమే వాటి అసలు పని. రోడ్లకు తారు పడి, గుర్రపు బళ్లు పోయి కార్లు వచ్చేసరికి ఆ పని తీరిపోయింది. అయినా కొంతకాలం అవి పెద్దరికానికి గుర్తుగా నిలిచాయి. ఇంగ్లండులోని ఆంగ్లికన్ బిషప్పులు గుర్రాల మీద ఊళ్లు తిరిగిన కాలంలో వేసుకున్న నల్ల గెయిటర్లను గుర్రాలు దిగాక కూడా ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా వదల్లేదు.

ఈ మార్పును తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మనల్ని కాపాడిన వస్తువు మీద మనకు ప్రేమ పుడుతుంది. ఆపద తీరిపోయినా ఆ రూపాన్ని ఒంటి మీద నిలుపుకోవాలనిపిస్తుంది. రిపబ్లిక్ డే కవాతులో నౌకాదళం తెల్లటి కాలి తొడుగులతో అడుగు వేస్తుంటే, పైపు బ్యాండు వాయించేవాళ్ల స్పాట్స్ ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగుతుంటే నా ఒళ్లు పులకరిస్తుంది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. పరేడుకు ముందు రాత్రి నేను ఆంక్లెట్లనే కాలి తొడుగులకు రంగు పూసి ఆరబెట్టుకుని, ఇత్తడి బకిల్సు బ్రాసోతో తోమేవాణ్ని. అవి బిగించుకోగానే వెన్ను నిటారుగా నిలిచేది. అందం మనిషికి ధైర్యాన్నిస్తుంది. అలంకారాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను.

నన్ను బాధపెట్టేది వేరే సంగతి. సైనికుడికి, కానిస్టేబుల్‌కు, బిషప్పుకు, షికారు దొరకు, నగరపు షోకిలాకు అందరికీ ఏదో ఒక కాలి తొడుగు దొరికింది. 2014లో నిజామాబాద్ జిల్లా వ్యవసాయ కూలీల బిడ్డ మలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఇప్పుడు ఆ ఎత్తులకు వెళ్లేవాళ్లు వేసుకునే బూట్లకు గెయిటర్‌ను విడిగా తొడిగే పని కూడా లేదు, బూటులో భాగంగానే వస్తుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోటుకు వెళ్లే కాలు కోసం ఇంజనీర్లు ఇంత ఆలోచించారు. మోకాలి లోతు దమ్ము మడిలోకి దిగే కాలు కోసం ఎవరు ఆలోచించారు?

ఆ కాలికి ఎదురయ్యే ఆపద చిన్నదేమీ కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయి ఉంటారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణ ప్రాంతంతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే మనం దుక్కి దున్ని, దమ్ము చేసి, నాట్లు వేసే రోజుల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో పై వరసలో చేర్చింది.

ఈ ఆపద మన నేలకు కొత్తదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, బొమ్మలు వేయించి, 1796లో పుస్తకం తెచ్చాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు కూడా అందులో రాసుకున్నాడు. ఈనాడు రక్తపింజరి అని మనం భయపడే పాము అతని పుస్తకంలో కాటుక రేకుల పొడ. ఆ పామును లోకమంతా ఇప్పుడు రస్సెల్ పేరుతోనే పిలుస్తుంది. దాన్ని గుర్తుపట్టడం, దానికి పేరు పెట్టడం, దాని దారి నుంచి తప్పుకోవడం మన రైతులకు రెండు వందల ఏళ్లకు ముందే తెలుసు. తెలిసి కూడా ఒట్టికాళ్లతోనే దిగారు, ఇప్పటికీ దిగుతున్నారు.

ఎందుకని? ఊళ్లో నాట్లు వేయించే ముఠా మేస్త్రమ్మను ఒకసారి అడిగాను. "పిన్నీ, కాళ్లకేదన్నా తొడుక్కోకూడదా?" అన్నాను. ఆమె నారుకట్ట విప్పుతూనే, "బూటేసుకుని మళ్లో దిగితే కాలొస్తుంది గానీ బూటు రాదు బాబూ. రోజుకు ఎకరాల లెక్కన ఒప్పుకున్నాం, అడుగు తేలిగ్గా లేవాలా వద్దా?" అంది. ఆమె మాటలో మొండితనం లేదు, అజ్ఞానం లేదు. మామూలు గంబూటు మడిలో ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా బూటు తయారుచేసేవాడికి తెలియదు. దమ్ము చేసిన బురద బూటును కింద నుంచి పీల్చి పట్టుకుంటుంది, పైనుంచి నీళ్లు నిండుతాయి. కందకంలో పట్టీ ఎందుకు పనికిరాలేదో, మడిలో గంబూటు అందుకే పనికిరాలేదు. నేలను చూసి తొడుగు కుట్టాలి గానీ తొడుగును చూసుకుని నేల మారదు.

మరి మడి కోసం తొడుగు కుట్టడం సాధ్యమేనా? సాధ్యమే. జపాన్ రైతులు నాట్ల కోసం ప్రత్యేకమైన బూట్లు వాడతారు. పలచని రబ్బరు, పాదానికీ పిక్కకూ అంటుకుపోయే బిగుతు, మోకాలి దగ్గర కట్టు. కాలికీ రబ్బరుకూ మధ్య సందు లేదు కాబట్టి బురద దాన్ని లాగేసుకోలేదు. రక్తపింజరి ఎక్కువగా ప్రాణాలు తీసే బర్మాలో పరిశోధకులు పొలం పనికి తగ్గ బూట్లు చేయించి, రైతులకిచ్చి, వాటితో పని సాగుతుందో లేదో పరీక్షించారు. బ్రెజిల్‌లో 2005లో వచ్చిన వ్యవసాయ కార్మికుల భద్రతా నిబంధన ప్రకారం విషజంతువులున్న చోట పొడవు బూటో, బూటుతో పాటు పిక్కల తొడుగో యజమాని ఉచితంగా ఇవ్వాలి. ఆ దేశపు చెరకు కోత కూలీలు పిక్కలకు తొడుగులు కట్టుకునే తోటలోకి దిగుతారు.

తొడుగు మరీ దృఢంగా ఉండక్కర్లేదు కూడా. కాలిఫోర్నియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి 2009లో ప్రచురించారు. మనిషి అవయవంలా చేసిన నమూనాలను కొన్నిటిని ఒట్టిగా, కొన్నిటికి జీన్స్ బట్ట చుట్టి గిలక పాములకు కరిపించారు. జీన్స్ బట్ట ఉన్నచోట పాము దించిన విషం చిన్న పాముల్లో 60 శాతం, పెద్ద పాముల్లో 66 శాతం తగ్గింది. ఇవి అమెరికా పాములు, ఆ లెక్కను యథాతథంగా మన పాములకు అన్వయించలేం. కానీ ఒక పొర మందపాటి బట్ట కూడా కోరకూ చర్మానికీ మధ్య ఎంతో కొంత అడ్డు వేయగలదని మాత్రం ఆ ప్రయోగం చెబుతోంది.

ఇక్కడే ఫ్యాషన్ మీద నా నమ్మకం గట్టిపడింది. జీన్స్ మన పల్లెలకు రక్షణ కవచంగా రాలేదు. సినిమా హీరోలు వేసుకున్నారని వచ్చింది. ఈనాడు రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి గట్ల వెంబడి వెళ్లే కుర్రాడి కాళ్లకు అదే ఉంటుంది. పని కోసం పుట్టిన గెయిటర్ షోకుగా మారిన తోవలోనే, షోకు కోసం వచ్చిన ప్యాంటు వెనక్కి నడిచి పనిలో పడింది. ఆ తోవ రెండు వైపులా తెరిచే ఉంది. కానీ ఆ ప్యాంటు కుర్రాడి దాకానే వచ్చింది. నాట్లు వేసే ఆడవాళ్ల దాకా, కలుపు తీసే ముసలమ్మల దాకా, కోతల్లో పనలెత్తే కూలీల దాకా ఏదీ రాలేదు.

వాళ్లకు కావలసింది ఏమిటో చెప్పడం కష్టమేమీ కాదు. మోకాలి దాకా ఉండాలి. తడిసినా బరువెక్కకూడదు, బిగుసుకుని నెత్తురు ఆపకూడదు. మే నెల ఎండకు ఉడకకూడదు. చీర పైకి దోపుకుని కూడా కట్టుకోవడానికి వీలుండాలి. కాలువలో జాడిస్తే శుభ్రం కావాలి. ఒక రోజు కూలి డబ్బుకు మించి ఖరీదు ఉండకూడదు, ఉంటే ఆ పైది ప్రభుత్వం భరించాలి. విత్తనానికీ ఎరువుకూ స్ప్రేయరుకూ సబ్సిడీ ఇవ్వగలిగినప్పుడు కాలికి కూడా ఇవ్వగలం. పొదుపు సంఘాల్లో కుట్టుపని వచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఫ్యాషన్ డిజైన్ కళాశాలలు ఒక్క చోట కూర్చుని, ముఠా మేస్త్రమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె వద్దన్నది మార్చుకుంటూ పోతే రెండు మూడు పంటల్లో మన మడికి తగ్గ తొడుగు తయారవుతుంది.

అది అందంగా కూడా ఉండాలి. ఈ మాట నేను చివర్లో చెబుతున్నా దీనికే పెద్దపీట వేస్తాను. ప్రాణభయం చెప్పి తొడిగించిన వస్తువును మనిషి నాలుగు రోజులకు గట్టు మీద వదిలేస్తాడు. బాగుందనుకుని తొడుక్కున్నదాన్ని మాత్రం చిరిగినా కుట్టించుకుని వేసుకుంటాడు. లండన్ పెద్దమనిషి స్పాట్స్‌కు ముత్యాల్లాంటి బొత్తాలు కుట్టించుకున్నప్పుడు ఎవరూ అది అనవసరమనలేదు. మన నాట్ల కూలి తన కాలి తొడుగుకు ఎరుపు అంచు కావాలంటే, పోచంపల్లి చుక్కలు కావాలంటే, వాటిని కూడా ఆ తొడుగు కొలతల్లో రాసుకోవాలి. సిపాయికి తెల్ల గెయిటర్ ఇచ్చిన నిటారుతనం నాట్లకు వంగే మనిషికి కూడా దక్కాల్సిన హక్కే.